లవంగాల డబ్బా

నారాయణపేటల చెన్నబసప్ప సేటు దుకాణానికి
పొట్లాలు కట్టనీకె వచ్చినప్పుడు
నాకు పదకొండేండ్లు.
ఇప్పుడు సేటు లేడు. మనుమడు కూసుంటడు గల్లా కాడ.
నేను ఉన్న. దారపుండ ఉన్నది.
కట్టేటందుకే ఏం లేదు,
అన్నీ ప్యాకెట్లై వస్తున్నయి.

ఒక్క లవంగాలు మాత్రం ఇంకా విడిగనే అమ్ముతం.
మూడో అరల రేకు డబ్బా.
పచ్చరంగు పోయి తుప్పు మిగిలింది.
మూతమీద ఓడ బొమ్మ, ఓడ కింద
గాలపు ముండ్ల లెక్క వంకర అక్షరాలు.
సేటు కన్నడల లెక్క రాస్తుండె, తెలుగుల మాట్లాడుతుండె,
మరాఠీల బేరం చేసి ఉర్దూల తిడుతుండె.
ఆ అక్షరాలు ఏ భాషకూ లొంగలె.
ఆయన తాత కాలంల
మగ్గాలకు రంగులమ్మ వచ్చిన బొంబాయి ఏజెంటు
అండ్ల చాయ్‌పత్త అయిపోంగనే
డబ్బాను అరుగుమీద విడిచి రైలెక్కిండట.

నిరుడు ఎండకాలం
చీరెల అంచులు చూడొచ్చింది జర్మనీ ఆమె, ఉల్రికె.
మా నోట్లె రెండో దినానికే ఉల్లక్క.
నిమ్మకాయ సోడ తాగుకుంట డబ్బా చూసింది,
సోడ పక్కన పెట్టింది.
మా అవ్వ దుకాణం తలుపు మీద
గిదే మాట రాసి ఉండె అన్నది.
కాఫీ, మిరియాలు, చక్కెర, పొగాకు,
గోడంతా సొరుగులే,
సొరుగు సొరుగుకూ తెల్ల బిళ్లమీద పేరు,
సరుకు తీసుకున్న పిల్లలకు ఒక చప్పరింపు బిళ్ల.
గంతవరకు మా దుకాణమే.

ఆ మాటకు అర్థమేంది అని అడిగితే
డిగ్రీ కాలేజి సారు జరసేపు తల గోక్కొని
'వలస సరుకులు' అన్నడు.

అరుగుమీద మూటలేసుకొని
బొంబాయి బస్సుకు చూస్తున్నరు పన్నెండుమంది.
తాపీలు, పారలు, ఒక పసిపిల్ల, జొన్నరొట్టెల గంప.
అండ్ల గోపన్‌పల్లి సిద్దమ్మ ఇకిలించి నవ్వింది.
'వలస సరుకంటే మేమే గద సారూ,
మమ్మల్ని గూడ తూకమేసి అమ్ముతరా ఆ దేశంల?'
సారు ఆ మాట తర్జుమా చేయలె.

ఉల్లక్క చెప్పింది:
యుద్ధంల ఓడి ఆ దేశాలు చెయ్యిదాటినంక గూడ
తలుపుమీది బోర్డు దిగలేదట.
ఎవరికీ తట్టలేదట.
ఆఖరికి చిన్న దుకాణాలు మూసుకపోయి
పెద్దవి పుట్టినంక,
ఒక పెద్ద దుకాణం పేరుల
ఆ మాటలోని ఒక అక్షరం ఇంకా దాక్కొని ఉన్నదట.
'కాఫీ ఎవరు తెంపిన్రో మా అవ్వ అడగలేదు.
ధర మాత్రం అణాపైసల దాకా ఎరుక.'

నేను తల దించుకున్న.
నలభై ఏండ్లసంది లవంగాలు లెక్కబెట్టి అమ్ముతున్న,
ఆరు పావలా ఉన్నప్పటిసంది.
పంటినొప్పని వస్తే రెండు ఊరికె.
ఏ చెట్టో, ఏ ఊరో, ఎవరి గోళ్లు నల్లబడ్డయో
నేనడిగిన్నా?
సంచిమీద బొంబాయని ఉంటది.
గంతే నా భూగోళం.

పోయేముందు ఆమె పది రూపాయల లవంగాలు అడిగింది.
పొట్లానికి పాత ఖాతాలోంచి ఒక కాయితం చింపిన.
ఆ ఖాతాల
ఉద్దెర తీర్చకుండ బస్సెక్కినోళ్ల పేర్ల పక్కన
సేటు ఎర్రసిరాతో ఒకటే మాట రాస్తుండె, 'బొంబాయి'.
తిరిగొచ్చి బాకీ కట్టినోళ్లకు అడ్డగీత.

పొట్లం మడత పెట్టినంక కనబడ్డది:
'కావలి ఎల్లప్ప. గ్యాస్‌నూనె, బెల్లం, సోలెడు పెసరపప్పు.
ఏడు రూపాయల పావలా. బొంబాయి.'
అడ్డగీత లేదు.

ఎల్లప్ప నాకెరుక.
ఎడమచేత బీడీ తాగేటోడు,
దుకాణం ముంగట చెప్పులు విడిచి నిలబడేటోడు.
కాయితం మార్చాలె అనుకున్న.
మార్చలె.
రెండు సుట్లు దారం చుట్టి, పండ్లతో తెంపి
ఆమె చేతుల పెట్టిన.

ఇప్పుడు ఏ సముద్రం అవుతల
ఏ వంటింటి అరల ఉన్నడో,
లవంగాల వాసనేసుకుంట.

మనుమడు సేటు పాత ఖాతాలన్నీ
కిలోల లెక్క అమ్మేద్దమంటున్నడు.
తక్కెడ కడిగి పెట్టమన్నడు.
పొద్దుగాలసంది కడుగుతనే ఉన్న.