ఏడో గుంట

మంచు పడిన తెల్లవారుజామున
గడ్డి కోసే బండి ఎక్కను.
మంచుగడ్డ కట్టిన పచ్చికను తొక్కితే చాలు
మధ్యాహ్నానికల్లా నల్లబడుతుంది,
మేనేజర్ ముఖం అంతకంటే.
చేతులు జేబుల్లో దోపుకుని ఎండ కోసం కాచుకుంటాను.

ఎండ వస్తుంది, బీచ్ చెట్ల సందుల్లోంచి, నేలబారుగా.
అప్పుడు లేస్తాయి
ఏడో గుంట దగ్గర, జెండా కర్రకు అటూ ఇటూ
బోదెలు.
ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా పోని మడతల్లా
మంచు తెల్లగా, నీడ నీలంగా
బంగాళాదుంపల బోదెలు.
నూట డెబ్బయి అయిదేళ్లుగా ఎవరూ తవ్వుకోనివి.
పావుగంట ఉంటాయి.
తర్వాత అంతా పచ్చికే.

హోటలు కరపత్రంలో ఇలా ఉంది:
పురాతన ప్రభువుల భవంతి, నూట పన్నెండు గదులు,
ఆవిరి స్నానాలు, పద్దెనిమిది గుంటలు
(కొలిచేవి కాదు, బంతి పడేవి).
ఏడోదాని గురించి విడిగా ఒక వాక్యం:
"సహజమైన ఎత్తుపల్లాలు."
సహజమైన!
మా అమ్మమ్మ డీలియా ఉంటే
ఆ మాట విని పొయ్యిలోకి ఉమ్మేది.

ఆవిడ పద్నాలుగో ఏట ఈ ఇంట్లో అంట్లు తోమింది.
నేలమాళిగ మెట్లే తప్ప
ముందు గుమ్మం ఎటు తెరుచుకుంటుందో ఎరగదు.
ఆవిణ్ణి పరుగెత్తించిన గంటల పలక
ఇప్పుడు బార్ వెనక, అద్దాల చట్రంలో.
దాని పేరున ఒక కాక్‌టెయిల్ కూడా, పదహారు యూరోలు.
ఒకసారి తాగాను.
బాగానే ఉంది, ఏం చెప్పను.

పోయిన మార్చిలో ఒక ముసలావిడ దిగింది.
హెస్టర్ గాస్కిన్, ఈ ఇంటి ఆఖరి దొరబిడ్డ,
తొంభై ఒకటి.
తను పుట్టిన గదికి అద్దె కట్టి
తలుపు కార్డు పనిచెయ్యక
వరండాలో అరగంట నిలబడిందట, ఎవరినీ పిలవకుండా.

మర్నాడు మంచు.
రాత్రి గౌను మీద కోటు వేసుకుని
నా పక్కకొచ్చి నిలబడింది.
బోదెలు అప్పుడే లేస్తున్నాయి.

"చిన్నప్పుడు వీటి మీద దొర్లేవాళ్లం," అంది.
"అలలు అనేవాళ్లం.
వీటికి అసలు పేరేమైనా ఉందా?"

"అవి మూడూ హెగర్టీ వాళ్లవి.
జెండా దగ్గరివి కోయిన్ వాళ్లవి.
ఆ చివర పొడుగుది మావాళ్లది," అన్నాను.

క్షమించమంటుందేమోనని భయపడ్డాను.
అంటే ఏం చెయ్యాలో నాకు తెలీదు.

అనలేదు.
చేతికర్ర నా చేతిలో పెట్టి
పచ్చిక మీదికి దిగింది.
ఒక్క బోదె కూడా తొక్కకుండా
కాలవలో అడుగు వెనక అడుగేసుకుంటూ
మొలకలున్న చేలో నడిచినట్టు
ఆ చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చింది.
చెప్పులు తడిసిపోయాయి.

మధ్యాహ్నానికి ఏడో గుంట మీద
నల్లగా, చిన్నచిన్న పాదాలు,
రెండు వరసలు.

ఎవరు తొక్కారని మేనేజర్ కేకలేశాడు.
నా పదకొండో నంబరు బూట్ల వైపు చూసుకుని
నేనే, అన్నాను.