కింది చెయ్యి

గంటస్తంభం దగ్గర కంప్యూటర్ల కొట్టు.
అద్దాల బల్లమీద మూడు పలకలు పరిచాడు
తారకేశు, మీసాలింకా రాని గుంటడు.
"ఏటి గీస్తారప్పా?"
జాకెట్లు, అన్నాను.
వాడు నవ్వలేదు. అందుకే వాడి దగ్గర కొన్నాను.

మొదటిది, గీసిన బొమ్మ దానిమీదే కనిపించే పలక.
ముప్పై రెండు వేలు.
చీపురుపల్లిలో ఎన్ని వీపులు, ఎన్ని చేతులు
పూసలు కుడితే వస్తాయో లెక్కేసి
మర్యాదగా దానిమీంచి చెయ్యి తీసేశాను.

రెండోది అరచేతంత.
దానిమీద మణికట్టొకటే కదులుతుంది.
నా నెమలి మెడ మోచేతిలోంచి మొదలవుతుంది,
ఒక్కోసారి భుజంలోంచి.
కొట్టు మధ్యన నిలబడి గాల్లో గీసి చూపించాను.
రీఛార్జికొచ్చినాయన పక్కకి తప్పుకున్నాడు.
"అయితే మీకు మజ్జిరకమే," అన్నాడు తారకేశు,
ఆది జాకెట్టు చూడకుండానే
కొలత చెప్పేసిన దర్జీలాగ.

ఏడువేల ఎనిమిదొందలు. చిట్టీ పాడిన డబ్బు.

పెన్నుకి బ్యాటరీ లేదు, ఛార్జింగు లేదు.
మరి దేంతో బతుకుతుందిరా అంటే
"పలకనానుకుని," అన్నాడు.
ఎనిమిదివేల నూట తొంభై రెండు ఒత్తిళ్లు
గుర్తుపడుతుందట.
నేను మగ్గం నేర్చుకున్న చోట రెండే ఉండేవి:
గుడ్డ చిరగనిది,
గుడ్డ చిరిగేది.

పాసింజరు బండిలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను
కోడిగుడ్ల అట్టలాగ.

రాత్రి హైమ తన ఫోన్లోంచి నెట్టు ఇచ్చింది.
డ్రైవరు దింపాలట.
తొంభై శాతం దిగాక కరెంటు పోయింది,
కరెంటుతోపాటు నా ముసలి లాప్‌టాప్పూ పోయింది.
మళ్లీ మొదట్నించి.
అప్పుడొక గడి తెరుచుకుని అడిగింది:
కుడిచెయ్యా, ఎడమచెయ్యా?

రెండో తరగతిలో స్కేలు అడగలేదు.
పెళ్లి పంక్తిలో నా చేతిలోంచి
గరిటె లాక్కున్నావిడ అడగలేదు.
పుర్రచేతికి సూది ఇవ్వనని
మూడు నెలలు పూసలే ఏరించిన గురువూ అడగలేదు.
నలభై రెండేళ్ల తరవాత ఇది అడిగింది,
మొహంలో ఏ భావమూ లేకుండా.
ఎడమ, అని నొక్కాను.
అయితే పలకని అటు తిప్పి పెట్టుకోమంది.
అంతే.
తిప్పి పెట్టుకున్నాను.

చక్రం గీస్తే గుడ్డు వచ్చింది.
తెర వెడల్పుకీ పలక వెడల్పుకీ పొత్తు కుదరలేదని
హైమ ఎక్కడో ఒక టిక్కు పెడితే
గుడ్డు గుండ్రమైంది.
ఒత్తిడిని బాగా మెత్తన చేయించాను.
సూది పట్టిన చెయ్యి,
ఆనుతుంది గాని నొక్కదు.

అయినా గీత రాదు.
చెయ్యి ఇక్కడ, గీత అక్కడ.
చేతిని చూస్తే గీత తప్పిపోతుంది,
గీతని చూస్తే చెయ్యి తప్పిపోతుంది,
సంతలో ఇద్దరు పిల్లల్ని వదిలినట్టు.
మామిడిపిందె గీయబోతే చింతకాయ.
నా పాత ట్రేసింగు కాయితం,
గుచ్చిన చిల్లుల్లోంచి దిగే కిరసనాయిలూ తెల్లపొడీ,
వాటికేం తక్కువైందని?
"టీకప్పులు పెట్టుకుందాంలే పిన్నీ, పళ్లెంలా ఉంది,"
అని హైమ పడుకుంది.

నిద్ర పట్టక మగ్గం ముందు కూచున్నాను.
రామతీర్థం పెళ్లికూతురి జాకెట్టు సగంలో ఉంది.
ఎడమచేతిలో సూది, పైన.
కుడిచెయ్యి గుడ్డకింద దారం అందిస్తోంది.
పద్దెనిమిదేళ్లుగా అది అక్కడే.
పని చేస్తుండగా దాన్ని నేను ఒక్కనాడూ చూడలేదు,
అది ఒక్కనాడూ దారి తప్పలేదు.
సూది ఎక్కడ దిగుతుందో
ఆ చీకట్లో దానికెలా తెలుసో...

కుట్టు మధ్యలో లేచిపోయాను.

పలకనీ చేతినీ కలిపి
పాత తువ్వాలు కప్పేశాను,
చూద్దామన్నా కనపడకుండా.
ఎడమచేతికి చెప్పాను:
ఇవాళ్టికి నువ్వు కింది చెయ్యివి.
ఎలాగో దాన్నడుగు.

తెరమీద మామిడిపిందె వచ్చింది.
తోక కాస్త వంకర.
చెరపలేదు.
చెరిపే మీట ఎక్కడుందో
హైమ లేస్తే గాని తెలీదు.