చెట్లు ఆగిపోయే చోటు

ముటొరషాంగా దాటాక
మ్సాసా చెట్లు ఉన్నట్టుండి నిలబడిపోతాయి,
ఎవరో గీత గీసి ఇక దాటొద్దన్నట్టు.
అవతల మోకాలెత్తు గడ్డి, ఎర్రమన్ను,
ఎదగడం ఇష్టంలేని పొదలు.

గీత నిజమే.
ఐదువందల యాభై కిలోమీటర్లు,
జింబాబ్వే నడినెత్తిన తీసిన పాపిట.
ఆకాశం నుంచి తీసిన ఫొటో మీద స్కేలు పెట్టి చూశాను,
స్కేలే సిగ్గుపడింది.

రెండువందల యాభై కోట్ల ఏళ్ళ కిందట
నేలను రెండు వైపులా పట్టి ఎవరో లాగారు.
చిట్లింది. విడిపోలేదు.
లాగడం ఎందుకు ఆపారో రాయి చెప్పదు.
చిట్లిన మేరా కిందినుంచి నిప్పు పొంగి
పొయ్యి మీంచి దించిన పాయసంలా తీరిగ్గా చల్లారింది;
బరువైనవి ముందే అడుక్కి చేరాయి
పొర మీద పొర, నడిమికి వంగిన దొన్నెలా.
ఆ పొరల్లో ఒకటి, నల్లనిది, జానెడు మందం:
క్రోమ్.

ఆ జానెడు కోసమే చెనాయి
పొద్దున్నే సుత్తి, ఉలి, చల్లారిన సడ్జా ముద్ద మూటతో
బోర్లా పడుకుని లోపలికి పాకుతుంది.
వీపు మీద ఒక కొండ, పొట్ట కింద ఒక కొండ.
"నా ఒళ్ళు సన్నబడింది గానీ పొర లావెక్కలేదు" అంటుంది.

మంగళవారం పొర తెగిపోయింది.
నిన్నటిదాకా నల్లగా ఉన్న చోట
అద్దంలాంటి ఆకుపచ్చ గోడ.
మేస్త్రీ మటాంబనజో టోపీ తీసి తల గోక్కున్నాడు.
నేను మ్యాపు విప్పాను.
మ్యాపులో ఆ చోట నా కాఫీ మరక ఉంది.

చెనాయి మాట్లాడలేదు.
గ్లవ్ తీసేసి గోడను పిల్లి వీపులా నిమిరింది.
ఇటు నిమిరితే గరుకు. అటు నిమిరితే జారుడు.
"నున్నగా ఎటు జారితే అటే పోయింది మిగతా సగం.
మా అత్త నేర్పింది."
నాలుగు బారలు ఎడమకి, కొంచెం కిందకి.

శుక్రవారం సాయంత్రం నలుపు దొరికింది.
అంతమవలేదు, పక్కకు జరిగింది, అంతే:
ఏ కాలంలోనో నేల నిద్రలో ఒత్తిగిలింది,
ఎటు తిరిగిందో ఆ చారల్లో దాచుకుంది.

ఆ రాత్రి దక్షిణపు కొసనుంచి తమ్ముడి ఫోను.
వాడూ ఇదే గీత మీద, ప్లాటినం గనిలో.
కూలి అందలేదనీ, వాన జాడ లేదనీ
అన్నీ అయ్యాక చెనాయి అడిగింది:
"అక్కడ చెట్లెలా ఉన్నాయి?"

"పొట్టిగానే."