నామినీ కాలమ్

లాల్‌బాగ్ రోడ్డు షోరూమ్‌లో
బండ్లకి అద్దాల గది, ఏసీ.
నాకు మెట్ల కింద బల్ల,
ఒక ప్రింటరు, దాని దగ్గు.

"ఎష్టాగత్తె మేడమ్?" అన్నాడు.
ఆ 'మేడమ్'లో కళ్యాణదుర్గం వినపడింది.
తెలుగులోనే అడుగు అన్నాను.
పేరు తిప్పేస్వామి. మొన్నటికి ఇరవై రెండు నిండాయి.
బొమ్మసంద్రలో గేర్లు కోసే పని, రాత్రి షిఫ్టు.
గోళ్ల సందుల్లో ఇంకా నూనె నలుపు.

మూడు వందల తొంభై తొమ్మిది సీసీ. ఎర్రది.
స్టాండు మీద ఉన్నా
ఎవరో పిలిస్తే వెళ్తున్నట్టే ఉంటుంది.

కాగితం తిప్పి చూపించాను:
ఇరవై తొమ్మిది వేల నాలుగు వందల పదిహేడు.
వేళ్ల మీద లెక్కేశాడు.
"రూములో నా వంతు బాడుగ, ఏడు నెలలది.
పైన పదిహేడు రూపాయలు టీకి."

సరే, కోద్దాం అన్నాను. కోయడం అతనికి తెలిసిన పనే.
జీరో డెప్ తీసెయ్యండి. తీశాను.
ఇంజన్లోకి నీళ్లొస్తే?
"వానలో నడపను మేడమ్."
బెంగుళూరులో నిలబడి అన్నాడీ మాట. తీశాను.
దారిలో ఆగిపోతే?
"తోసుకుంటా వస్తా."
అలా తీసుకుంటూ పోతే
తీయడానికి వీల్లేనిది ఒకటి మిగిలింది.
థర్డ్ పార్టీ. అయిదేళ్లది.
అంటే నువ్వు గుద్దబోయే మనిషి.
ఎవరో, ఇప్పుడు సిల్క్‌బోర్డు దగ్గర
కొత్తిమీర కట్ట పట్టుకుని రోడ్డు దాటుతుంటాడు.
అతనికి నువ్వు ముందే బాకీ.
నీ ఎముకలు నీ ఇష్టం.

పుట్టిన తేదీ అడుగుతుంది కంప్యూటరు,
అడిగి ఊరుకుంటుంది.
సీసీకి రేటుంది, ఆత్రానికి లేదు.
ఆ లెక్క నేనే వేసుకుంటాను, ఎక్కడా రాయకుండా:
తెల్లవారుజామున నంది కొండ దారి,
ముందు నలుగురు స్నేహితులు,
వెనక కూర్చున్నవాడి చేతిలో వీడియో.

క్లెయిమ్ ఫొటోలు నా దగ్గరికే వస్తాయి.
వంగిన ఫోర్కు, సొట్ట ట్యాంకు, నంబరు ప్లేటు కనబడాలి.
మనుషులు ఫ్రేములోకి రాకూడదు.
ఒకసారి మూలన ఒక చెప్పు పడింది. ఒకటే.
మళ్లీ తీసి పంపమన్నారు పైనుంచి.

"నామినీ?"
"అంటే?"
"నువ్వు పోతే డబ్బు ఎవరికి అని."
నవ్వాడు. "బండి పేరు రాయండి."
రాయకూడదన్నాను.
చాలాసేపు అద్దం అవతలి ఎరుపుని చూసి
అక్క పేరు చెప్పాడు. మారెక్క.
సంబంధం: సోదరి. ప్రింటరు దగ్గింది.

ఏడాది తిరిగింది. గుర్తు చేయడం నా ఉద్యోగం.
మూడుసార్లు మోగి ఆగిపోయింది ఫోను.
మూడుసార్లూ నేను బల్ల తుడిచాను,
తుడిచిన చోటే.
నాలుగోసారి వాన ఎత్తింది.
"హెబ్బాళ ఫ్లైఓవర్ కింద ఉన్నా మేడమ్,
ఇక్కడ నాలాంటోళ్లు నలభై మంది."
బండి విలువ ఇరవై శాతం పడిపోయిందని చెప్పాను.
ఏమీ జరగనందుకు
నీకో ఇరవై శాతం తగ్గింపు అని కూడా.
"ఏమీ జరగలేదని ఎవరన్నారు" అన్నాడు,
గొంతులో ఏదో దాచుకుని.
"నామినీ మార్చాల."

అక్కకి చెప్పావా అని అడగడానికి
నా దగ్గర కాలమ్ లేదు.
"పేరు?"
"జెసింత. జకి ఎత్వం."
"సంబంధం?"
వాన. లారీ హారన్. మళ్లీ వాన.
ఖాళీగా వదిలితే ముందుకు పోదు కంప్యూటరు.
జాబితా కిందికి లాగాను,
తల్లి, తండ్రి, భార్య, సోదరి దాటి
అట్టడుగున దొరికింది:
ఇతరులు.
నొక్కాను.

"మేడమ్, ఇంకోటి" అన్నాడు పెట్టేసే ముందు,
"ఆ ఇంజన్లోకి నీళ్లది…
ఈసారి వేసెయ్యండి."