వైరులో ముడి

కొర్లగుంటలో మేం కొన్న రెండో అంతస్తు ఇంట్లో
వంటింటికీ భోజనాల బల్లకీ నడుమ గోడ లేదు.
"ఇప్పుడంతా ఇట్లే కదక్కా" అన్నాడు బిల్డరు.
నాకేమో వీధిలో పొయ్యి పెట్టుకున్నట్టు ఉండేది.
పోపు చిటపటలు బిడ్డ లెక్కల పుస్తకం మీద,
బిడ్డ ఆవలింతలు నా పిండి గిన్నెలో.

గోడ కట్టిద్దామంటే
ఆయన ఇటుకల ధర చెప్పి ఊరుకున్నాడు.

ఎలక్ట్రీషియన్ ఢిల్లీబాబు వచ్చి
చెవి మీది పెన్సిలు తీసి
పైకప్పుకి మూడు చుక్కలు పెట్టినాడు.
"గోడ ఎందుకక్కా, వెల్తురుతో కడతా.
సిమెంటు వద్దు, నీళ్ళు పట్టే పని లేదు,
వద్దనుకుంటే స్విచ్చి నొక్కు, పడిపోతుంది."

మొదటిది గట్టు మీద, అల్మరా అడుగున దాక్కున్న తెల్ల పట్టీ.
మొహమాటం తెలియని లైటు అది.
బియ్యంలో రాయి, ఆకుకూరలో పురుగు,
నా మణికట్టు మీది పాత నూనె మచ్చ,
దేన్నీ వెనకేసుకురాదు.

రెండోది బల్ల మీదికి వేలాడే లైటు,
బోర్లించిన ఇత్తడి మూకుడులా.
దాని కింద చెనిక్కాయల ఊరిబిండి కూడా
పెండ్లి విస్తట్లో వడ్డించినట్టుంటుంది.

మూడో చుక్క దగ్గరికి వచ్చేసరికి డబ్బులైపోయినాయి.
టేపు చుట్టిన రెండు వైర్లు
బల్లకీ సింకుకీ మధ్య ఇప్పటికీ తొంగి చూస్తుంటాయి.
వాటి కింది మసకని మా అత్త "సందు" అంటుంది.
"ఆ సందులో నా చెప్పులుంటాయి చూడు."

మొదటి రాత్రే ఆయన నుదురు మూకుడుకి కొట్టుకుంది.
ఢిల్లీబాబు కూర్చున్నవాళ్ళకి కొలిచినాడు,
తిన్నాక లేస్తారని మరిచిపోయినాడు.
ఆయన ఏమీ అనలా.
స్టూలెక్కి, వైరుని జానెడు పైకి లాగి ముడేసినాడు.
ముడి వికారంగా ఉందని తనూజ గోల.
వెలుగు కొంచెం పలచబడి వెడల్పయింది,
ఒక కుర్చీ కొత్తగా లోపలికొచ్చింది.
ఆ కుర్చీలో ఇప్పుడు మా అత్త, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

ఆయన ఘాటు బస్సు డ్రైవరు.
రాత్రి డ్యూటీ రోజున అందరూ పడుకున్నాక
తెల్ల లైటు కింద గట్టు తుడుస్తా.
కిటికీలో నేనే కనపడతా,
రేగిన జుట్టు, చేతిలో మసిగుడ్డ.
లైటు ఆర్పితేనే
నేను పోయి కొండ వస్తుంది.
కొండ కూడా కాదు, దాన్ని చీకటి ఎప్పుడో మింగింది.
దారి పొడుగునా గుచ్చిన దీపాలే.
ఇది దారి, ఇది లోయ అని
అవి చెప్తేనే తెలుస్తుంది.
నడుమ కదిలే చుక్కల్లో
ఏదో ఒకదాన్ని ఆయన బస్సనుకుని పట్టుకుంటా.
మలుపులో అది ఆరిపోయినట్టు మాయమవుతుంది.
అప్పుడు లెక్కపెడతా.
ఏడు. ఎనిమిది. తొమ్మిది.

ఒంటిగంటకి వచ్చినాడు,
వెనక కార్ల లైట్లు అద్దంలోంచి గుచ్చిన ఎర్ర కళ్ళతో.
తెల్లది వేయను. మూకుడు ఒక్కటే.
సంగటి ముద్ద, పులుసు, ఆయన చేతులు,
ఆ పసుప్పచ్చ గుండ్రం అంచున నా మోకాలు.
మిగతా ఇల్లు లేనట్టే.
అత్త గురక మాత్రం ఉంది.

తిని, పళ్ళెం పట్టుకుని లేచినాడు.
తల తగల్లేదు.
సింకు దాకా ఆ సందు.
స్విచ్చి మీద వేలు పెట్టబోయినా.
"వద్దులే. ఈ మలుపు నాకు తెలుసు."

రెండడుగులు.
మూడు.
తనూజ వదిలేసిన స్టూలు
దభీమంది.

మోకాలు రుద్దుకుంటూ నవ్వుతున్నాడు,
అత్త లేవకుండా, గొంతులోనే.
నేను లైటు వేయలా.
ఆ నవ్వు ఎక్కడ నిలబడి ఉందో
నాకు తెలుస్తూనే ఉంది.