'ఆయ్'కి గడి లేదు

రాత్రి ఎనిమిదిన్నరకి
అద్దాల గదిలో ఒక కుర్రాడు చిటికె వేస్తాడు.
గోడమీద జిల్లా మొత్తం రంగు మారిపోతుంది.
"ఒక్క కన్నీటి చుక్క, ఎనిమిది వేల ఓట్లు" అంటాడు.
వెనక డప్పులు. మూడుసార్లు అతని మొహం.
తర్వాత సబ్బు ప్రకటన.

ఆ రంగు ఎక్కణ్ణించి వస్తుందో
సీరియల్లో చూపించరు.
నేను చూపిస్తాను, రండి.
అంబాజీపేటలో ఆటో ఎక్కి, రేవు దాటి,
చెప్పులు చేత్తో పట్టుకుని బురదలో దిగి
లంకలో ఇంటింటికీ తిరిగే ట్యాబ్ నాది.
ఇంటికి పన్నెండు రూపాయలు.
కుక్క కరిస్తే ఖర్చు నాదే.

గుడాల మార్తమ్మ కొబ్బరి తాడు పేనుతోంది.
"ఓటు ఈయనకేనాండీ?"
"ఆయ్."
"మరి ఆయనకో?"
"ఆయ్, ఆయనా మంచోడేనండి."
"ఇంతకీ ఎవరికండీ?"
"ఆయ్... కూకోమ్మా, ఎండన పడొచ్చావు. మజ్జిగ తాగుతావా?"

నా ట్యాబ్‌లో మూడే గడులు:
అవును, కాదు, చెప్పలేను.
మా కోనసీమలో 'ఆయ్' అంటే
విన్నానని. మర్యాదని. ఇంక వెళ్ళి రమ్మని.
దానికి గడి లేదు.
'అవును' నొక్కాను.
ఆ రాత్రి ఎక్కడో ఒక గోడ
కొంచెం రంగు మారే ఉంటుంది.

మార్తమ్మా చూస్తుంది ఆ సీరియల్, పొరుగింటి అరుగు మీంచి.
నాయకుడు గుడిసెలో గంజి తాగే ఘట్టం వచ్చింది,
అద్దాల గది కుర్రాడు రాసిచ్చిన ఘట్టం.
అరుగు అరుగంతా ముక్కు చీదింది.
ఈవిడ మాత్రం "ఉప్పేసుకోలేదు" అంది.
"ఆకలైనోడు ముందు ఉప్పడుగుతాడు."

పదో రోజుకి మా నిజం అభ్యర్థి
ఆవిడ వాకిట్లోనే గొంతుక్కూర్చున్నాడు.
సత్తుగిన్నె. గంజి.
సీరియల్లోలాగే ఎడమచేయి మోకాలి మీద.
కెమెరా పిల్లాడు "ఇంకోసారండీ" అన్నాడు.
ఇంకో గుక్క.
"అమృతంలా ఉందమ్మా!"
మార్తమ్మ "ఆయ్" అంది.

నేను పక్కనే ఉన్నాను.
ఆవిడ ఎడం గుప్పిట్లో
అడిగితే ఇద్దామని పట్టుకున్న కల్లుప్పు
చెమటకి కరిగి
వేళ్ళ సందుల్లోంచి కారుతోంది.
కెమెరా అటు తిరగలేదు.

పోలింగ్ మర్నాడు అడిగాను,
పన్నెండు రూపాయల కోసం కాదు, ఊరికే:
"ఇంతకీ ఎవరికేశారండీ?"
చెయ్యి చీరకి తుడుచుకుని నవ్వింది.
ఏమందో వేరే చెప్పాలా.