పైడికి కబురు

పైడీ,
నీ జబ్బుకి పేరుందట.
కేజీహెచ్ ఓపీలో చీటీ పట్టుకుని నించుంటే తెలిసింది.

పదకొండో వారం నాకు.
రక్తం తీసిన పిల్ల, అరచేత గోరింటాకు పండిన పిల్ల,
"కడుపుతో ఉన్నోళ్ళందరికీ చేస్తున్నాం, కంగారు పడకండి" అంది.
కంగారు పడలేదు. ఆకలేసింది.
గేటు బయట బండి దగ్గర రెండిడ్లీ తిని
ఇంటికెళ్ళిపోయాను.

వారానికి మళ్ళీ పిలిచారు.
మేడమ్ చీటీ వెనక్కి తిప్పి బొమ్మలు గీసింది.
రక్తకణం బొట్టుబిళ్ళలా ఉండాలట,
కొందరిలో కొడవలిలా వంగిపోతుందట,
సన్న నరాల్లో ఒకదాన్నొకటి పట్టుకుని
దారి మూసేస్తాయట.
నాలో సగమే ఉంది, నాకేం కాదు.
"మీ ఆయనకీ ఉంటే" అని
నాలుగు సున్నాలు చుట్టి
ఒక్కదాన్ని పెన్నుతో నింపింది.
కాగితం చిరిగేదాకా నింపింది.

"మేనరికమా?"
ఔనన్నాను.
మన నెత్తురు మనింట్లోనే ఉండాలని
నాన్నమ్మ నా చెయ్యి మీ అన్న చేతిలో పెట్టిననాడు
అది వట్టి మాటే అనుకున్నాం.

"ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు
కీళ్ళ నొప్పులు, కళ్ళు పచ్చబడటం?"

అప్పుడొచ్చావు నువ్వు.
వాన పడితే ఎముకలు కొరుకుతున్నాయని ఏడ్చే నువ్వు,
పసరు తాగి, చేతికి వాత పెట్టించుకుని,
తొక్కుడుబిళ్ళలో మూడో గడికే
ఒగర్చి కూలబడిపోయే నువ్వు.
ఓడిపోతావని వేషాలేస్తున్నావనుకుని
ఒకసారి గట్టిగా గిల్లాను.
తొమ్మిదేళ్ళకే ఎల్లిపోనావు.
"ఆ చల్దన్నమే తీసుకుపోనాది, నానే ఎట్టినాను"
అంటది అత్త, ఇప్పటికీ.

చల్దన్నం కాదత్తా అని ఎలా చెప్పను?
చెబితే తేలికపడుతుందా,
నీలోంచీ మావయ్యలోంచీ వచ్చిందంటే
మరింత బరువెక్కుతుందా?

ఫిషింగ్ హార్బర్లో ఐసు దిమ్మలు మోసే మీ అన్న
సూది చూసి మొహం తిప్పుకున్నాడు.
మోచేతి మడతలో దూది నొక్కుకుని
బస్సులో కూడా అలాగే కూర్చున్నాడు.
జగదాంబ దాటాక అన్నాడు:
"దానికీ అప్పుడీ సూదొకటి గుచ్చుంటేనా..."
ఆ మిగతాది కిటికీలోంచి పోయింది.

రిపోర్టు మంగళవారం.
ఆ తర్వాత నన్నేం అడుగుతారో తెలుసు.
నేనేం చెబుతానో తెలీదు.
చీటీ మడిచి కందిపప్పు డబ్బా కింద పెట్టాను,
నింపిన సున్నా లోపలికి పోయేలా.

పైడీ,
ఆ గిల్లిన చోటు నాకు గుర్తుంది,
ఎడమ జబ్బ.
నీవి వేషాలు కావే.